గడ్డి తిన్న రాజుకే కిరీటం

నా చిన్నప్పుడు, ఆళ్లగడ్డ దగ్గరి మా ఊరి చర్చిలో, నేను రాజు వేషానికి పనికిరానని తేల్చేశారు. ఆ మాట అన్నాయన పోయి చాలా ఏళ్లయింది. సమాధి మీద మంచి రాయే వేశారు. అయినా నేను మరిచిపోలేదు, మరిచిపోవాలని అనుకోనూ లేదు.

క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం పూట, చర్చి ముందు పిల్లల చేత నాటకం వేయించడం మాకు ఆనవాయితీ. ఆ ఏడు మా పెద్దనాయన బబులోను రాజు కథ ఎత్తుకున్నాడు. ఆయన మా చర్చి ఉపదేశి. పాదిరిగారు నంద్యాల నుంచి నెలకొకసారి వచ్చేవారు. మిగిలిన ఆదివారాల ప్రసంగం, పిల్లలకు పాఠం చెప్పడం అన్నీ ఈయనవే. రాజు మేడ మీద పచార్లు చేస్తూ, ఈ పట్నమంతా నా బలంతో నేనే కట్టానని మురిసిపోతాడు. ప్రవక్త ముందే హెచ్చరించినట్టు, ఆ మాట నోట్లో ఉండగానే పైనుంచి తీర్పు వస్తుంది. రాజ్యం పోతుంది, మతి పోతుంది, ఎద్దులాగా గడ్డి తింటూ బయళ్లలో తిరుగుతాడు.

రాజు మాటలన్నీ వారంలో అప్పజెప్పింది నేనొక్కదాన్నే. పిల్లలందరిలో గొంతు కూడా నాదే పెద్దది. అందుకని పెద్దనాయన రాజు వేషం నాకిచ్చాడు.

అప్పుడు నాపరాళ్ల గని ఆసామి వచ్చాడు. చర్చిలో బండలు పరిపించిందీ, పండుగలకు మైకు పెట్టించేదీ ఆయనే. మేమంతా చాపల మీద కూర్చుంటే ముందు వరుసలో కుర్చీ ఆయనకొక్కడికే ఉండేది.

"ఆడపిల్ల రాజేందప్పా," అన్నాడు పెద్దనాయనతో, నేను అక్కడే నిలబడి ఉండగా. "మావోనికియ్యి. నంద్యాల నుంచి కిరీటం గూడా తెప్పించినా."

పెద్దనాయన కాదనలేదు. రాజు గడ్డి తినాల్సి ఉంటుందని మాత్రం చెప్పాడు. ఆసామి నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

"గడ్డి తినేదానికి ఈ పిల్ల చాల్లే."

క్షమించాలని ఎన్ని ఆదివారాలు విన్నా, ఆ మాటను నేను క్షమించలేదు.

ఆ రోజు ఇంట్లో అన్నం ముట్టలేదు. ఆసామి కంటే పెద్దనాయన మీదే నాకు ఎక్కువ కోపం. ఆయన నా పక్కన కూర్చుని, "అమ్మీ, గడ్డి తినే కాడ నుంచి కడదాకా నీదే. నేర్చుకున్నది మర్చిపోవాకు," అన్నాడు. ఏడుపులో నాకు గడ్డి ఒక్కటే వినిపించింది.

పండుగ రోజు ఆసామి కొడుకు మెరిసే కిరీటం పెట్టుకుని బల్లల మీద ఠీవిగా తిరిగాడు. మూడుసార్లు మాటలు మరిచిపోయాడు, అది కూడా నాకు గుర్తే. దూత వేషం పెద్దనాయనది. తెల్ల దుప్పటి కప్పుకుని వచ్చి, తీర్పు చదివి, వాడి తల మీది కిరీటం తీసి చంకలో పెట్టుకున్నాడు. వాడు దిగిపోయాడు. నేను జుట్టు విరబోసుకుని, చేతుల మీద, మోకాళ్ల మీద పాకుతూ వచ్చాను. మా గేదె ముందు నుంచి తెచ్చిన జొన్నచొప్ప నిజంగానే నమిలాను. జనం నవ్వారు. ఆసామి అందరికంటే గట్టిగా నవ్వి, "బాగనే మేస్తాండాదే," అన్నాడు. వాళ్ల నవ్వు ఆగేదాకా నేను నములుతూనే ఉన్నాను.

కథ అక్కడితో అయిపోదు. రాజు తలెత్తి ఆకాశం వైపు చూస్తాడు. మతి తిరిగొస్తుంది, దాని వెనకే రాజ్యమూ తిరిగొస్తుంది. పెద్దనాయన కిరీటం తీసి, దుమ్ము కొట్టుకున్న నా జుట్టు మీద పెట్టాడు.

ఆసామి లేచాడు. "ఏందప్పా ఇది? కిరీటం మావోనిది."

"రాజుది," అన్నాడు పెద్దనాయన. "గడ్డి తిన్నోళ్లకే తిరిగొస్తాది. చొప్ప ఇంకా ఉండాది. మీవోన్ని తినమను, ఇప్పుడే ఇస్తా."

చాపల మీద ఒక ముసలమ్మ పక్కున నవ్వింది. ఆసామి కొడుకు వాళ్లమ్మ వెనక్కి పోయాడు. ఆసామి మైకు మనిషికి సైగ చేసి మైకు ఆపించాడు. రాజు చివరి మాట ఇంకా నా నోట్లోనే ఉంది. ఆయన వచ్చి కిరీటం లాక్కుంటాడేమోనని దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. "పైకి చూసి చెప్పమ్మీ," అన్నాడు పెద్దనాయన మెల్లగా. నేను పైకి చూడలేదు. ఆసామి కళ్లలోకి చూస్తూ, గర్వంతో నడిచేవాళ్లను దేవుడు కిందికి దించగలడని, రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగి వినేంత గట్టిగా చెప్పాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముసలమ్మ మాత్రం ఆమేన్ అంది. కిరీటం ఆ సాయంత్రమే ఆసామి ఇంటికి పోయింది. మరుసటి ఏడు మా పండుగకు మైకు రాలేదు.

పెద్దనాయన కూడా నన్ను మెచ్చుకోలేదు. ఇంటికి నడుస్తూ, "పైకి చూడమంటే ఆయన మొగం చూస్తివి. రాజు పైకి చూసినందుకే గదా బాగుపడింది," అన్నాడు. నాకు చెప్పదలచుకున్న అసలు పాఠం అదేనని పెద్దయ్యాక తెలిసింది. పైనుంచి వచ్చే తీర్పు ఒక్క ఆసామి కోసమే రాసిపెట్టింది కాదు.

అందుకే దేవుని ముందు తల వంచుతాను. నాలో గర్వం లేదని అక్కడ బుకాయించను. మనుషుల ముందు మాత్రం, ఎంత ఉన్నవాళ్లైనా సరే, చూపు దించను. ఎవరైనా నా మాటను మధ్యలో ఆపితే, మొదటి నుంచి మళ్లీ చెబుతాను, ఇంకాస్త గట్టిగా.