మెడతో ఊపిరి తీసుకునే మనిషికి బాప్తిస్మం

2019 వానాకాలం. హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, రెండో అంతస్తులో ఈఎన్‌టీ వార్డు. అప్పటికి నేను నర్సుగా పద్నాలుగేళ్ల నుంచి పనిచేస్తున్నాను. చెవి, ముక్కు, గొంతు అంటే చిన్న చిన్న జబ్బులే అనుకుంటారు చాలామంది. మా వార్డులో జరిగే వాటిల్లో అన్నిటికంటే పెద్ద ఆపరేషన్ టోటల్ లారింజెక్టమీ. గొంతు క్యాన్సర్ ముదిరితే స్వరపేటికను మొత్తానికే తీసేస్తారు. గాలిగొట్టం పై కొసను మెడ ముందుకు తెచ్చి చర్మానికి కుట్టేస్తారు. రూపాయి బిళ్లంత ఉండే ఆ రంధ్రాన్ని స్టోమా అంటాం. ఇక ఆ మనిషి బతికినన్నాళ్లూ మెడతోనే ఊపిరి తీసుకోవాలి. ముక్కుకు, నోటికి ఊపిరితో పని ఉండదు. మాట పోతుంది.

ఆ ఆపరేషన్‌కే వచ్చాడు సాంబయ్య. పేరు మార్చి రాస్తున్నాను. ధర్మసాగర్ చెరువులో చేపలు పట్టేవాడు. యాభై రెండేళ్లు, గట్టి మనిషి. చిన్నప్పటి నుంచి బీడీలు. గొంతు అప్పటికే బొంగురుపోయినా, ఆపరేషన్ ముందురోజు దాకా భార్య రాజమ్మను పిలిస్తే కారిడార్ చివరన ఉన్నవాళ్లు తిరిగి చూసేవారు. నేను ఇంజక్షన్ ఇవ్వడానికి పోతే, నొప్పి లేకుండా చేస్తేనే చెయ్యి ఇస్తానని బెదిరించాడు కూడా.

ఆపరేషన్ బాగానే జరిగింది. పదో రోజున ఇంటికి పంపే ముందు జాగ్రత్తలు చెప్పాలి. రంధ్రం మీద తడిగుడ్డ ఎట్లా కట్టుకోవాలో, కఫం అడ్డుపడితే సక్షన్ మిషన్‌తో ఎట్లా లాగాలో భార్యాభర్తలిద్దరికీ నేర్పాను. స్నానం మెడ కిందికే, తలస్నానం చేస్తే తల ముందుకు వంచి పక్కన మనిషిని పెట్టుకుని చేయాలని చెప్పాను. ఆఖర్న, లోతు నీళ్లలోకి ఎన్నడూ దిగొద్దన్నాను. ముక్కు మూసుకుంటే ఆగేది కాదు, నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయన్నాను. ఆయన ఐదో తరగతి దాకా చదివాడు. ఒళ్లో పలక పెట్టుకుని నెమ్మదిగా రాశాడు.

"ఇగ చెరువు?"

ఒడ్డు దాకానే అన్నాను. పలక బోర్లా పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పుట్టినకాడి నుంచి నీళ్లలో బతికిన మనిషి.

ఆ పది రోజుల్లో ఆయన్ను చూడడానికి వచ్చినవాళ్లలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. హసన్‌పర్తిలో దర్జీ పని చేస్తూ, ఆదివారాలు ఒక రేకుల షెడ్డులో ప్రార్థన నడిపే పాస్టర్. అరవై ఏళ్లుంటాయి. అందరూ పాస్టరయ్య అనేవారు. ఆయన ఎడమచెయ్యి మోచేతి దగ్గర వంకరగా అతుక్కుని ఉండేది, పూర్తిగా చాచలేకపోయేవాడు. ఎముక విరిగితే సరిగా కట్టించుకోలేదని చూడగానే తెలిసింది. వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. సాంబయ్య గోడవైపు తిరిగేవాడు. పాస్టరయ్య కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, రాజమ్మ చేతికి పండ్ల సంచి ఇచ్చి వెళ్లిపోయేవాడు.

ఆ చెయ్యి సంగతి ఒకరోజు రాజమ్మే చెప్పింది. పదకొండేళ్ల కింద ఊర్లో ఒకరింట్లో ప్రార్థన జరుగుతుంటే ఆమె పోయింది. సాంబయ్య వచ్చి జుట్టు పట్టుకుని బయటికి లాగాడు. అడ్డం వచ్చిన పాస్టరయ్యను అరుగు మీది నుంచి తోసేశాడు. మోచెయ్యి విరిగింది. ఆయన పోలీసులకు చెప్పలేదు, పెద్దాసుపత్రికి పోలేదు, నాటు కట్టు కట్టించుకున్నాడు. ఆ చేత్తోనే బట్టలు కుడుతున్నాడు. రాజమ్మ చాటుగా ప్రార్థనకు పోతూనే ఉంది. ఇంట్లో మాత్రం పాస్టరయ్య పేరెత్తడానికి వీల్లేదు.

డిశ్చార్జి తర్వాత ఆరు వారాలు రేడియేషన్. అది ముగించుకుని స్టోమా శుభ్రం చేయించుకోవడానికి సాంబయ్య వార్డుకు వచ్చేవాడు. అట్లా వచ్చినప్పుడు ఒకనాడు, రాజమ్మ మందుల షాపుకు పోయిందని చూసుకుని, పలక నా ముందుకు తోశాడు.

"వాళ్లల్ల కలువాలంటే ఏం గావాలె?"

ఎవరిలో అని అడిగాను. తన మోచేతిని వేలితో చూపించాడు.

నేను మట్టెవాడలో కిరాణా దుకాణం నడిపే ఇంట్లో పుట్టిపెరిగినదాన్ని. శుక్రవారం గుడికి పోయేదాన్ని. క్రైస్తవుడు కావాలంటే ఏం కావాలో నాకేం తెలుసు? పాస్టరయ్యనే అడగమన్నాను. తల అడ్డంగా ఊపాడు. సిగ్గో భయమో ఆ కళ్లల్లో చూసి, నేనే అడుగుతానని ఒప్పుకున్నాను.

పాస్టరయ్యకు ఫోన్ చేసి అడిగాను. ఆయన చెప్పాడు, ఏమీ అక్కరలేదని, నమ్మితే చాలని. కులం, చదువు, వెనకటి బతుకు ఏదీ చూడరనీ, అది అందరికీ తెరిచి ఉన్న తలుపనీ. మరుసటి రోజు అదే మాట సాంబయ్యకు చెప్పాను. ఆయన పలక తీసుకుని రాశాడు.

"గంత సులువైతే అది నా అసుంటోనికి గాదు."

ఆ వారం నుంచే ఆయనలో ఒక మార్పు వచ్చింది. స్వరపేటిక లేనివాళ్లకు మాట నేర్పే పద్ధతి ఒకటుంది, దాన్ని ఈసోఫేజియల్ స్పీచ్ అంటాం. గాలిని అన్ననాళంలోకి మింగి, త్రేన్పులా పైకి తెచ్చి, పెదవులతో మాటగా మలచాలి. చాలా కష్టం. వినడానికి త్రేన్పులాగే ఉంటుందని అప్పటిదాకా సాంబయ్య దాని జోలికి రాలేదు. ఇప్పుడు తానే నేర్పమన్నాడు. పా, తా, కా లాంటి అక్షరాలు ముందుగా పలుకుతాయి కాబట్టి వాటితో మొదలుపెట్టించాను. రెండు వారాలకు పలక మీద ఒక మాట రాసి, ఇది నేర్పమని చూపించాడు. "తప్పు." త, ప రెండూ ఉన్నాయి, తేలికని ఎంచుకున్నాడనుకున్నాను. ఆ ఒక్క మాటనే చెమటలు కక్కుతూ నాలుగు నెలలు సాధన చేశాడు. పదిసార్లు ప్రయత్నిస్తే ఒకసారి వచ్చేది.

ఈలోగా పాస్టరయ్యతో ఆయనకు పలక మీదే మాటలు నడిచాయి. బాప్తిస్మం తీసుకుంటానని సాంబయ్య రాసిచ్చాడు. అక్కడే చిక్కు వచ్చింది. వాళ్ల సంఘంలో బాప్తిస్మం అంటే నిండా ముంచడమే. తల మీద నీళ్లు చల్లితే అది బాప్తిస్మం కాదని సంఘం పెద్దలిద్దరు పట్టుబట్టారు. సాంబయ్యకూ మునగాలనే ఉంది. ఒకరోజు రాజమ్మ పరుగున వార్డుకు వచ్చింది. ఈ ఆదివారం తానే చెరువులోకి పోయి మునుగుతాననీ, సచ్చినా సరేననీ సాంబయ్య రాశాడట.

మా సర్జన్‌ను అడిగాను. మునగడానికి ఒప్పుకునేది లేదన్నారు. తల వంచి పైనుంచి పోసుకోవడం ఇంట్లో తలస్నానం లాంటిదే, తెలిసినవాళ్లు పక్కనుంటే అభ్యంతరం లేదన్నారు. ఆ మాట తీసుకుని సెలవు రోజు రాజమ్మతో కలిసి హసన్‌పర్తి పోయాను. కుట్టుమిషన్ ముందు పాస్టరయ్య, అరుగు మీద పెద్దలిద్దరు. స్టోమా ఎట్లా ఉంటుందో, నీళ్లు పోతే నిమిషాల్లో ఏమవుతుందో కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. పెద్దల్లో ఒకాయన, నియమం నియమమేనన్నాడు. పాస్టరయ్య నా బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు.

"తలుపు అందరికీ తెరిచే ఉన్నదని ఇన్నేండ్ల సంది చెప్తున్న," అన్నాడు. "ఈ మనిషి రాలేని తలుపైతే, నేను చెప్పిన తలుపు అది గాదు."

ముంచకుండా, వంచిన తల మీద నీళ్లు పోయడానికి ఒప్పుకున్నాడు. ఒక పెద్దాయన లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు ప్రార్థనకు రాలేదని విన్నాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఎండ ఎక్కినాక, ధర్మసాగర్ ఒడ్డున పదిహేను మందిమి కలిశాం. సాంబయ్య వాళ్ల అన్న కూడా వచ్చాడు. ఆయనకు ఇదేదీ ఇష్టం లేదు. దూరంగా నిలబడ్డాడు, కానీ తమ్ముడి పొడిబట్టలు మాత్రం ఆయన చేతుల్లోనే ఉన్నాయి. నేను బ్యాటరీ సక్షన్ మిషన్, దూది, గాజుగుడ్డ తెచ్చుకున్నాను. నాకు ఈత రాదు. నీళ్లలో కాలు పెట్టడానికి వెనకాడాను. అది చూసి సాంబయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. అడుగు ఎక్కడ గట్టిగా ఉందో పాదంతో తడుముకుంటూ నన్నూ పాస్టరయ్యనూ నడుములోతు దాకా నడిపించాడు. ఆ చెరువు ఆయనకు ఇల్లు లెక్క.

నేను ఆయన ఎదురుగా నిలబడి, గడ్డం కింద రెండు చేతులూ దొప్పలా పెట్టాను. రంధ్రం మూయకూడదు, నీళ్లు చేరకూడదు. పాస్టరయ్య పక్కన నిలబడి అడిగాడు.

"తమ్మీ, నమ్ముతున్నవా?"

తల ఊపితే సరిపోతుందని ముందే అనుకున్నాం. సాంబయ్య ఊపలేదు. పెదవులు బిగించి గాలి మింగాడు. మళ్లీ మింగాడు. మెడ నరాలు ఉబ్బాయి. అప్పుడు ఆయన నోటి నుంచి మాట వచ్చింది, మొరటుగా, అయినా ఒడ్డు దాకా వినపడేట్టు.

"తప్పు."

నమ్మడం తప్పంటున్నాడేమో, మనసు మార్చుకున్నాడేమో అనుకున్నాను. పాస్టరయ్య కూడా అదే అనుకున్నట్టున్నాడు. వద్దా తమ్మీ అని మెల్లగా అడిగాడు. సాంబయ్య ఆయన ఎడమచెయ్యి అందుకుని, వంకరగా అతికిన ఆ మోచేతిని తన రెండు అరచేతుల్లో పెట్టుకున్నాడు. మళ్లీ గాలి మింగాడు.

"తప్పు."

ఆ మాట నేర్పింది నేను. ఎవరి కోసం నేర్చుకుంటున్నాడో నాలుగు నెలలూ నాకు తెలియలేదు.

నీళ్లలో మాట రాకుండా నిలబడిపోయింది పాస్టరయ్యే. చాలాసేపటికి ఆయన, అది ఎప్పుడో అయిపోయింది తమ్మీ అన్నాడు. సాంబయ్య తల ముందుకు వంచాడు. ఆ వంకర చేత్తో మెడ వెనక పట్టుకుని, కుడిచేత్తో మూడుసార్లు నీళ్లు పోశాడు పాస్టరయ్య. నీళ్లు నుదుటి మీదుగా జారి నా చేతులకు బయటే పడ్డాయి. ఒక్క చుక్క లోపలికి పోలేదు. నా అరచేతులకు ఆయన ఊపిరి వెచ్చగా తగులుతూ ఉంది. ఎన్ని వందల స్టోమాలకు డ్రెస్సింగ్ చేశానో లెక్కలేదు. అయినా ఆరోజు, ఏదో చూడరానంత పెద్దది చూస్తున్నట్టు అనిపించింది.

ఒడ్డుకు వచ్చినాక రాజమ్మ భర్త తల తుడుస్తుంటే, పాస్టరయ్యా నేనూ ఒక రాయి మీద కూర్చున్నాం. నా మనసులో ఉన్నది అడిగేశాను. సులువన్నారు కదా, ఆయనకు ఇంత కష్టమెందుకయింది అని.

పాస్టరయ్య తడిచొక్కా పిండుకుంటూ చెప్పాడు. "సులువే బిడ్డా. ఆయనకంటే నాకు కష్టమైంది. మొదటిరోజు దవాఖానకు వచ్చి, మెట్ల కాడ గంటసేపు నిలబడ్డ. పైకెక్కబుద్ధి గాలే. పదకొండేండ్ల సంది అందరికీ, అందరికీ అని చెప్పుకుంట వచ్చిన. ఆ అందరిల ఈయన ఉంటడని అనుకోలే."

నేను అప్పుడూ ఇప్పుడూ శుక్రవారం గుడికి పోయేదాన్నే. ఆ దారి ఎవరికి సులువో ఎవరికి కష్టమో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. వృత్తిలో మాత్రం ఒకటి నేర్చుకున్నాను. అంతకుముందు స్టోమా పేషంట్లకు చేయకూడనివి చదివి చెప్పి, సంతకం పెట్టించుకుని పంపేదాన్ని. ఇప్పుడు పలక చేతికిచ్చి, మీకు ఇంకా ఏం చేయాలని ఉందో రాయండి అంటాను. కొందరు వెంటనే రాస్తారు. కొందరికి రోజులు పడుతుంది. నేను ఎదురుచూస్తాను.