బజ్జీలు తిన్న సింహం

జగ్గయ్యపేట బజారులో ఫ్లెక్సీ కట్టని స్తంభం కనపడదు. నాయకుల పుట్టినరోజులకీ, పదవులకీ, ఆఖరికి కర్మకాండలకీ ఫ్లెక్సీలే. ఎప్పుడు వెళ్ళినా వాటిని చూసి విసుక్కుంటూ నడవడం నాకు అలవాటు. ఒక్క ఫ్లెక్సీ విషయంలో మాత్రం విసుగు కాదు, బాధ. అది కట్టి రెండేళ్ళు దాటినా ఆ బాధ పోలేదు.

బడిపంతులమ్మగా రిటైరయ్యాక నేను నందిగామలో పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే తరగతిలో చేరాను. మా ఊరి సేవాసంఘం ఒకటీ, ఐరోపాలో ఎక్కడో ఓ చిన్న పట్టణపు సంఘం ఒకటీ కలిసి దాన్ని నడిపేవి. పెద్ద అక్షరాల అట్టలకూ బొమ్మల కథల పుస్తకాలకూ ఆ దేశం వాళ్ళే సాయం చేశారు. ఒక ప్రొజెక్టరు కూడా పంపారు. తెర మీద 'అ' పడేసరికి కరెంటు పోయేది. చివరికి దాన్ని బీరువా మీద పెట్టి, సుద్దముక్కతోనే పని కానిచ్చాం.

తరగతి శనివారం మధ్యాహ్నాలు జరిగేది. ఎక్కువగా కూలి పనులు చేసుకునే ఆడవాళ్ళు వచ్చేవారు. అందుకే ఒకరోజు జరీ అంచు చీర కట్టుకుని, చేతినిండా గాజులతో ఒకావిడ లోపలికొస్తే ఎవరో చందా ఇవ్వడానికి వచ్చారనుకుని కుర్చీ వేశాను. ఆవిడ కుర్చీ వైపు చూడకుండా వెనక బెంచీ మీద సర్దుకు కూర్చుని, సంచీలోంచి పలక తీసింది.

జగ్గయ్యపేటలో వాళ్ళది పేరున్న కిరాణా కొట్టు. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ ఆవిడ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటోంది. నోటిలెక్కలో ఆవిడను మించినవాళ్ళు ఆ బజారులోనే లేరు. చదవడం మాత్రం రాదు. ఆ సంగతి పోయిన భర్తకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. కాగితం ఎవరు చేతికిచ్చినా, "జోడు మర్చిపోయానండీ, మీరే చూడండి" అని తప్పించుకునేది. కళ్ళజోడు సంచీలోనే ఉండేది. కొట్లో మాత్రం పెట్టుకునేది కాదు. ఎందుకని అడిగితే, "పెట్టుకుంటే చదవమంటారుగా టీచరుగారూ" అంది.

ఎవరైనా చూస్తారని సొంత ఊళ్ళో నేర్చుకోవడం ఆవిడకు ఇష్టం లేదు. ప్రతి శనివారం వేదాద్రి నరసింహస్వామి దగ్గరికని ఇంట్లో చెప్పి నందిగామ బస్సెక్కేది. తిరిగి వెళ్ళేటప్పుడు నందిగామలోనే కుంకుమ పొట్లం కొనుక్కునేది. దాన్నే కోడలు కళ్ళకద్దుకుని పెట్టుకునేదట. పాపం కాదా అని నేను ఆట పట్టిస్తే, స్వామికి ముందే చెప్పుకున్నాను, ఆయన ఒప్పుకున్నాడు అనేది.

ఇంత తంటా మనవరాలి కోసం. ఆ పిల్లకు రోజూ అన్నం తిన్నాక కథ కావాలి. ఈవిడ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, బొమ్మలు చూస్తూ, నోటికొచ్చిన కథ చెప్పేది. పిల్లేమో నానమ్మ చదువుతోందనుకునేది. ఇప్పుడా పిల్ల ఒకటో తరగతిలో చేరింది.

"అది గుణింతాల్లో పడింది టీచరుగారూ. కొన్నాళ్ళు పోతే పుస్తకం తనే చదివేసుద్ది. ఈలోపల నాకు వచ్చెయ్యాల" అంది మొదటిరోజే.

ఆ పందెం నాకు చాలా నచ్చింది. పిల్ల బడిలో ఒత్తులు మొదలుపెట్టిందని తెలిస్తే మేమూ ఆ వారమే మొదలుపెట్టేవాళ్ళం. పిల్లకు బడిలో సెలవులిస్తే ఈవిడకు పండగ. మధ్యమధ్య తరగతిలో అందరికీ తన కథలు చెప్పేది. వాటిలో సింహం కథ ఒకటి. పుస్తకంలో ఉన్నది వలలో పడ్డ సింహం, దాన్ని విడిపించిన ఎలుక. ఈవిడ సింహమేమో జగ్గయ్యపేట సెంటర్లో బండి దగ్గర నిలబడి మిరపకాయ బజ్జీలు తింటుంది. మంట పుట్టి, దారిలో అందరినీ నీళ్ళడుగుతూ పరిగెత్తి, వేదాద్రి దగ్గర కృష్ణలో మూతి పెడుతుంది. ఆ మూతి పెట్టడం ఆవిడ చేసి చూపిస్తుంటే మేం కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం.

ఆ రోజుల్లోనే ఐరోపా సంఘంవాళ్ళు చూడ్డానికి వచ్చారు. వాళ్ళలో తెల్లజుట్టు దొరసాని ఒకావిడ కూడా మాజీ టీచరే. మా ఇద్దరికీ బాగా కలిసింది. మా కొట్టు ఆవిడ ఫొటో తీసుకోవచ్చా, తమ ఊరి గ్రంథాలయంలో పెట్టుకుంటామని అడిగింది. మనవైపు ఎవరూ చూడరు కదా అని ఈవిడ నన్నడిగింది. నేను ఇంగ్లీషులో చెప్పాను. దొరసాని నవ్వి, తమ ఊరు సముద్రాల అవతల ఉందంది. నేను తెలుగులో చెప్పాను. అప్పుడు ఈవిడ జోడు పెట్టుకుని, సింహం పుస్తకం తెరిచి, నిండుగా నవ్వింది. అంత మంచి ఫొటో మా తరగతిలో మరెవరిదీ రాలేదు.

సముద్రాలు దాటి వెళ్ళిన ఆ ఫొటో తిరిగొస్తుందని మాకెవరికీ తోచలేదు. అక్షరాస్యతా దినానికి మా వాళ్ళు జగ్గయ్యపేటలో ర్యాలీ పెట్టుకున్నారని తెలిసి, అక్కడి సంఘం ముచ్చటపడి ఒక పోస్టరు తయారుచేసి కానుకగా ఫోనుకు పంపింది. మా అధ్యక్షుడు దాని మీది మాటలు తెలుగులోకి మార్పించి విజయవాడలో ఫ్లెక్సీ వేయించాడు. ఫొటోలో ఉన్నావిడ ఎవరో ఆయనకు తెలియదు. ఆవిడ రహస్యం దొరసానికీ తెలియదు. ఎవరిని తిట్టాలో ఇప్పటికీ నాకు తెలియక, ఊరికే అందరి మీదా విసుక్కుంటాను.

ఆ ఉదయం నేను బస్సు దిగేసరికి ర్యాలీ ఆటో ముందు ఆవిడ ముఖం నిలువెత్తున నవ్వుతోంది. కింద ఎర్ర అక్షరాలు. దాన్ని విప్పమని అరిచాను. ఇంత బాగుంటే ఎందుకు విప్పడం అన్నాడు అధ్యక్షుడు. కారణం అక్కడ అందరిముందూ ఎలా చెప్పను? డప్పులు మొదలయ్యాయి. ఆటో బజారులోకి తిరిగింది. మోకాళ్ళు సహకరించినంత వరకు వెనకాలే పరిగెత్తాను.

నేను చేరేసరికి ఆటో కొట్టు ముందు ఆగి ఉంది. ఆవిడ గల్లాపెట్టె దగ్గర ఉంది. మనవరాలు మెట్టు మీద నిలబడి కూడబలుక్కుంటూ పైకి చదువుతోంది. "ఈమె... ఇప్పుడు... చదవగలదు. మరి... మీరు?"

జనం చప్పట్లు కొట్టారు. పిల్ల కూడా సంబరంగా కొట్టింది. తర్వాత వెనక్కి తిరిగింది.

"ఇప్పుడంటే ఏంటి నానమ్మా? మరి నాకు సింహం కథ చదివావుగా?"

ఆవిడ పిల్లవైపు చూడలేదు. నావైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది. వచ్చే శనివారానికి ఆ పుస్తకం పూర్తయ్యేది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఈసారి నిజంగా చూసి చదువుతానని అంతకుముందు వారమే నాతో చెప్పింది.

ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా కొడుకు పొంగిపోయాడు. మా అమ్మకు ఫ్లెక్సీ పడిందని బజారంతా స్వీట్లు పంచాడు. దాన్ని అడిగి తీసుకెళ్ళి గల్లాపెట్టె వెనక గోడకు కట్టాడు. కొట్టుకొచ్చిన వాళ్ళంతా ప్రేమగానే సబ్బుబిళ్ళలు ముందుకు చాపి, ఇదేంటో చదవండి పిన్నిగారూ అని సరదా పడేవారు. దొరసానికి రాస్తే ఎంతో బాధపడి, అక్కడ గ్రంథాలయంలో ఫొటో వెంటనే తీసేయించింది. ఇక్కడ కొట్లో మాత్రం తీయలేదు.

ఆవిడ మళ్ళీ తరగతికి రాలేదు. ఇంటికి వెళ్తే కాఫీ ఇచ్చి, చింతపండు ధరల కబుర్లు చెప్పి పంపేది. ఆ తర్వాత మా తరగతి కూడా ఆగిపోయింది.

మొన్న వేరే పని మీద జగ్గయ్యపేట వెళ్ళి, కొట్లోకి తొంగిచూశాను. ఫ్లెక్సీ వెలిసిపోయింది. దాని కింద ఆవిడ జోడు లేకుండా కూర్చుని ఉంది. ఎవరో పొట్లం మీద ఏదో చూపించి అడిగితే, "జోడు మర్చిపోయానండీ, మీరే చూడండి" అంది.

శనివారాలు ఏం చేస్తున్నారని అడిగాను. వేదాద్రి వెళ్తోందట, నిజంగానే. మనవరాలు ఎలా ఉందంటే బాగా చదువుతోందని, కథలు అడగడం మానేసిందని చెప్పింది. మీ సింహం కథను మీరే రాయండి అక్కయ్యగారూ, నేను దగ్గరుండి రాయిస్తాను అన్నాను.

ఆవిడ గల్లాపెట్టె మూత దించింది. తర్వాత నాకొక్కదానికే వినపడేలా అంది.

"ఆ పుస్తకం మొత్తం చదివా టీచరుగారూ, ఇంట్లో ఎవరూ లేనప్పుడు. బజ్జీలు ఎక్కడా లేవు."