పంచదార గంజి పెట్టిన రిబ్బన్లు

మా తోడికోడలి చేతిలో పడిన రిబ్బన్ ముక్క చెత్తబుట్ట ముఖం చూసి ఎరగదు. కేకు డబ్బాకి చుట్టింది, పూలగుత్తికి కట్టింది, బట్టల కొట్టువాళ్లు పెట్టె మీద ముచ్చటకి అంటించింది, ఏదైనా సరే ముడి విప్పి, మీద కాగితం వేసి, ఇస్త్రీపెట్టె గోరువెచ్చగా ఉండగా ఒక్కసారి లాగుతుంది. దారాలు పోకుండా కొసల్ని కొవ్వొత్తి సెగకి అలా చూపించి తీసేస్తుంది. రెండు చెవుల్లా మడిచి, నడుమ సూది గుచ్చి దారం బిగిస్తే పువ్వు. ఆ కుట్టు కనపడకుండా సన్న ముక్క చుట్టి, వెనక క్లిప్పుకి కుట్టేస్తుంది. జిగురు వాడదు. జిగురు సీసా కొనాలిగా మరి!

ఆవిడని నేను అక్కా అనే పిలుస్తాను. నేను పిసినారితనం అంటాను, ఆవిడ పొదుపు అంటుంది. ఒకే ఇంట్లో పై వాటా ఆవిడది, కింది వాటా నాది. మా బావగారు వ్యాను నడిపి తెచ్చేదాంట్లో ఇల్లు గడవడమే గొప్ప. అందుకని కూతురికి కొనకుండా చేయడం మొదలుపెట్టి, వీధిలో పిల్లలందరికీ చేసిపెట్టేదాకా వచ్చింది. ఆ పువ్వు చూసి ఎవరైనా "ఎక్కడ కొన్నారు?" అని అడిగినప్పుడు ఆవిడ ముఖం చూడాలి. ఆ ఒక్క మాట కోసం పడి చస్తుంది.

బడి వార్షికోత్సవానికి తన దగ్గర నేర్చుకునే పిల్లలందరికీ ఒకే రకం ఎర్ర పువ్వులు కావాలని డాన్స్ టీచర్ అడిగింది. ఇచ్చిన డబ్బు చూస్తే నాకు నవ్వొచ్చింది. మా అక్క మాత్రం కాదనలేదు. తూకానికి అమ్మే చవక రిబ్బన్ తెచ్చింది. పువ్వు కడితే అది తడిసిన పిల్లి చెవుల్లా వాలిపోయింది. గంజి పెట్టింది. కాసేపు నిలబడి మళ్లీ వాలింది. అప్పుడు గిన్నె పట్టుకుని కిందికొచ్చింది.

"ఏమే, కాస్త పంచదార ఉంటే పెట్టు."

"మొన్నే కదక్కా తీసుకెళ్లావ్? మీ ఇంట్లో పంచదార తింటున్నారా, పారబోస్తున్నారా?"

"పెట్టవే తల్లీ, నీ లెక్కలు తర్వాత."

మర్నాటికి పువ్వులన్నీ అట్టముక్కల్లా నిక్కి నిలబడ్డాయి. వేలితో కొడితే టక్కుమన్నాయి. ఏం పెట్టావక్కా అంటే నవ్వి ఊరుకుంది. టీచరైతే "అచ్చం కొట్లో కొన్నట్టే ఉన్నాయండీ!" అంది. ఇంక మా అక్కని పట్టుకోగలమా?

ఆ సాయంత్రం పిల్లల్ని తయారుచేసి, తమ వంతు వచ్చేదాకా వేదిక వెనక గడ్డిలో కూర్చోబెట్టారు. వంతు ఎంతకీ రాలేదు. చివరికి పాట మొదలై పిల్లలు వేదిక మీదికి వస్తుంటే మా అక్క నన్ను మోచేత్తో పొడిచి "పువ్వులు చూడు" అంది. చూశాను. చివరి వరసలో ఉన్న బడి ఆయా కూతురు తల గోక్కుంది. మళ్లీ గోక్కుంది. తర్వాత పక్క పిల్ల, తర్వాత ముందు వరస. రెండు చేతులూ ముందుకి చాచాల్సిన చోట అందరి చేతులూ నెత్తి మీదే ఉన్నాయి. జనం పగలబడి నవ్వారు. టీచర్ పాట ఆపించేసింది.

మేమిద్దరం వెనక గదికి పరుగెత్తాం. ఒకావిడ తన కూతురి జుట్టులో ఏదో కదలడం చూసి కెవ్వుమంది. అంతే, మిగతా తల్లులు తీర్పు చెప్పేశారు. "పేలు! ఆ చివరి పిల్ల నుంచే అంటుకున్నాయి. ముందు గోక్కుంది అదే." టీచర్ ఆ పిల్లని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి గోడ పక్కన నిలబెట్టింది. "వచ్చే వారం డాన్స్ పోటీకి నువ్వు రానక్కర్లేదు" అంది.

ఆయా చేతిలో చీపురు పడేసి పరుగున వచ్చింది. కూతురి జడ విప్పి, పాయలు విడదీసి, ఒక్కొక్కరి ముందుకీ తీసుకెళ్లింది.

"చూడండమ్మా, రోజూ నేనే దువ్వుతాను. ఒక్కటంటే ఒక్కటి లేదు, చూడండి."

ఎవరూ చూడలేదు. తలో అడుగు వెనక్కి వేశారు. మా అక్క అప్పటికి పిల్లల తలల్లోంచి పువ్వులు తీసి సంచిలో వేస్తోంది. మొదటి పువ్వు తీసినప్పుడే ఆవిడ చెయ్యి ఆగిపోవడం, గుప్పెట మూసుకోవడం నేను చూశాను. క్లిప్పు గుచ్చుకుందనుకున్నాను. "మీరైనా చూడండమ్మా" అని ఆయా ఆవిడ ముందుకి కూడా వచ్చింది. అవునన్నట్టో కాదన్నట్టో తెలియకుండా మా అక్క తల ఊపింది. ఆ గదిలో కుక్కిన పేనంటూ ఉంటే అది ఆవిడే.

తెల్లారి పై వాటాకి వెళ్తే, గోడ మీద ఎర్రచీమల బారు. అటక మీది పువ్వుల సంచి దాకా.

"ఇదేంటక్కా? రిబ్బన్లకి చీమలేంటి?" అని అడుగుతుండగానే నా పంచదార గుర్తొచ్చింది. "నీకు నిన్ననే తెలుసా?"

ఆవిడ మెట్టు మీద కూలబడింది. "తెలుసే. కొట్లో కొన్నట్టున్నాయన్నారు కదా. అంతమందిలో నోరు పెగల్లేదు."

"ఆ పిల్లని గోడకి నిలబెడితే చూస్తూ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

నాకు ఒళ్లు మండింది. సిగ్గూ వేసింది, మా ఇంటి మనిషే కదా. రెక్క పట్టుకుని ఆయా ఉండే గదికి తీసుకెళ్లాను. గడప మీద ఆ పిల్ల కూర్చుని ఉంది. నడుము దాకా ఉండే జుట్టు చెవుల పైకి కత్తిరించేసి ఉంది. ఆయా లోపల్నుంచి ఎర్ర రిబ్బన్ తెచ్చి మా అక్క చేతిలో పెట్టింది.

"మళ్లీ వేరే పిల్లలకి పెడతారేమోనని మరిగే నీళ్లలో వేసి ఉతికానమ్మా. మెత్తబడిపోయింది. మీ కష్టం పాడుచేశాను, ఏమీ అనుకోకండి."

మా అక్కకి తల తీసేసినట్టయింది. "పేలు కాదు" అంది. "చీమలు. పువ్వు నిలబడాలని నేనే పంచదార కలిపి గంజి పెట్టాను. నిన్న చూసి కూడా చెప్పలేదు."

ఆయా తిట్టలేదు. తిడితే బాగుండేది. కూతురి తల నిమురుతూ, "జుట్టు పెరుగుతుందిలెండి. నిన్న అందరూ ఉన్నారమ్మా. ఇవాళ నాకొక్కదానికి చెప్తే ఏం లాభం?" అంది.

మా అక్క ఇంటికొచ్చి అటక మీది సంచి దించింది. ముందుగా, పేలు పేలు అని అందరికంటే గట్టిగా అరిచిన తల్లి గుమ్మం ఎక్కి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ నమ్మలేదు.

"ఊరుకోండి. ఆయా వచ్చి ఏడ్చి ఉంటుంది. పాపం, మీరు నెత్తిన వేసుకుంటున్నారు. ఎంత మంచి మనసండీ మీది!"

ఆ మెప్పు వినలేక నేను తల దించుకున్నాను. మా అక్క సంచిలోంచి ఒక పువ్వు తీసి, చీమలు దులిపి, "నాకి చూడండి" అంది. ఆవిడ ఛీ అని వెనక్కి జరిగింది. అటూ ఇటూ ఇళ్లవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. మా అక్క ఆ పువ్వు తన నోట్లోనే పెట్టుకుని చప్పరించింది. చవక రంగు పెదాలకంటుకుని గడ్డం మీదికి కారింది.

"తియ్యగా ఉందండీ" అంది వీధంతా వినపడేలా, ఏడుస్తూ. "ఆ పిల్లది తప్పులేదు. నాది."

టీచరింటి ముందూ అదే చేసింది. ఆయా కూతురిని మళ్లీ వరసలోకి తీసుకున్నారు. పోటీకి మా అక్క మొదటిసారి కొట్లో మంచి రిబ్బన్ కొని కొత్త పువ్వులు కట్టింది. బయల్దేరేముందు పిల్లలందరికీ తనే పెట్టింది. చివరికి ఒక పువ్వు పట్టుకుని ఆయా కూతురి దగ్గరికి వెళ్లింది. ఆ పిల్ల రెండు చేతులతోనూ తల గట్టిగా కప్పేసుకుంది.