గిటారు పెరగదు గదనే, బిడ్డా

చిన్నాయన గిటారు వాయించడం ఎందుకు మానేశాడు? వేళ్లు వంగకనా, నా వల్లనా? పద్దెనిమిదేళ్లుగా ఈ ప్రశ్నను మోస్తున్నాను. అడుగుదామనుకున్న ప్రతిసారీ చాయ్ వచ్చేది, లేకపోతే ఎవరో ఒకరు వచ్చేవారు, ఎవరూ రాకపోతే నాకే ధైర్యం చాలేది కాదు. ఇక అడిగే వీల్లేదు. పోయిన నెల ఒక పొద్దున ఎల్బీనగర్ దవాఖానలో ఆయన కన్నుమూశాడు. ఫోన్లో చిన్నమ్మ ఒక్క మాటే అంది: “చిన్నాయన పోయిండే.”

ఆయన మా నాన్నకు తమ్ముడు. నల్గొండ దగ్గరి ఊరి నుంచి వచ్చి మూసారాంబాగ్‌లో మోటార్లకు వైండింగ్ చేసే షాపు పెట్టుకున్నాడు. పగలంతా రాగితీగ చుట్టేవాడు. సాయంత్రాలు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. ఆ గిటారు మామూలువాటిలో ముప్పావు వంతుండేది. ఆయనకంటే ముందు పుట్టిన పాత విదేశీ సరుకు, వెలిసిన ఎరుపు రంగు. ఒకసారి దాని లోపల ధ్వనిని పట్టే రాగితీగ చుట్ట తెగి మూగబోతే, వెంట్రుకంత సన్నటి తీగ తెచ్చి తనే చుట్టుకున్నాడు. శ్రుతి చేసుకునే ముందు తలెత్తి ఫ్యాను మోత వినేవాడు. “ఫ్యాన్ గూడ సుర్ల ఉంటదే. మనమే ఇనం” అనేవాడు. నేను నవ్వేదాన్ని. ఇప్పుడు ఇంట్లో ఫ్యాను వేస్తే ఒక క్షణం ఆగిపోతున్నాను.

గిటారుకు పెట్టె ఉండేది కాదు. చిన్నమ్మ దుప్పటిలో చుట్టి, చంకన పెట్టుకుని బస్సెక్కేవాడు. బస్సులో ఎవరైనా “అన్నా, పిలగాడు పండుకున్నడా?” అని అడిగితే, “గిప్పుడే పండిండు, లేపకు” అనేవాడు.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పి అందుకున్న మొదటి జీతంతో ఆయనకు గిటారు పెట్టె కొనాలనుకున్నాను. దుకాణాయన విజయవాడ మనిషి. “చిన్న గిటారంటున్నారు, ఇది వదులవుద్దండి. కొలతలు తెచ్చుకోండి” అని చెప్పాడు. వినలేదు. మా ఇంట్లో ఏదైనా ఒక సైజు పెద్దదే కొనేవాళ్లు. నా స్కూలు లంగా అంచు రెండేళ్లకు సరిపడా మడిచి కుట్టేవారు. కొత్త బూట్ల ముందర దూది కుక్కేవారు. పెద్దది తీసుకోవడమే తెలివి అనుకుంటూ పెరిగినదాన్ని. పెద్దదే తెచ్చాను.

చిన్నాయన మూత తెరిచి నవ్వాడు. “ఏందే ఇది? గిటార్‌కా, నాకా? జర ముడుసుకుంటే నేను గూడ పడ్త.” అయినా మురిసిపోయాడు. చుట్టూ తువ్వాళ్లు కుక్కి, ఆ ఆదివారమే హయత్‌నగర్ పెళ్లికి తీసుకెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. దారిలో బస్సు బ్రేకు వేస్తే పెట్టె బోర్లా పడింది. పైన గీత కూడా పడలేదు. ఫంక్షన్ హాల్లో తెరిచి చూస్తే తువ్వాళ్లన్నీ ఒక మూలకు జరిగి ఉన్నాయి. గిటారు మెడ తల దగ్గర చిట్లింది.

ఏడ్చేశాను. ఆయన ఆ చీలికను వేలితో తడిమి, నా తల మీద చెయ్యి వేశాడు. “గిటార్ పెరగదు గదనే, బిడ్డా.” అంతే. ఎవరిదో గిటారు అడిగి తీసుకుని ఆ పెళ్లిలో వాయించాడు. తర్వాత మెడకు జిగురు పెట్టి అతికాడు, బాగానే పలికింది. కానీ ఏడాది తిరగకుండానే ఆర్కెస్ట్రా మానేశాడు. “ఏళ్లు ఒంగుతలేవు” అన్నాడు. తీగ చుట్టీ చుట్టీ కీళ్లు బిగుసుకున్న మాట నిజమే. నిజమే కావచ్చు. నా మనసు నొచ్చుకోకుండా అలా చెప్పాడేమో అని కూడా అనిపిస్తుంది.

ఈ ఏడు ఎలాగైనా దానికి సరైన పెట్టె చేయించాలనుకున్నాను. ఎల్బీనగర్లో కెమెరాలకు, తబలాలకు పెట్టెలు చేసే ఆయన, గిటారు ఆకారం కాగితం మీద గీసి తెమ్మన్నాడు. చిన్నాయన నేల మీద పేపరు పరిచి గిటారును పడుకోబెట్టాడు. పట్టుకుంటానని నేను వంగితే, “నువ్వు పట్టకు. నువ్వు పట్టుకుంటె మల్ల లూజు పెడ్తవ్” అన్నాడు. చిన్నమ్మ పకపకా నవ్వింది. ఎడమచేత్తో గిటారును నడుము దగ్గర అదిమి, వణికే కుడిచేత్తో పెన్సిలు చుట్టూ తిప్పాడు. పది రోజులకు దవాఖానలో చేరాడు.

పదకొండో రోజు అయ్యాక ఆ ప్రశ్న చిన్నమ్మను అడిగేశాను. ఆమె బియ్యం ఏరుతూ తలెత్తలేదు. “ఏళ్లు నొస్తుండె. గిటార్ ఇర్గినంక మనసు గూడ నొచ్చింది. ఏది ఎక్వనో నేనెట్ల చెప్పాలె? ఆయన నాకేం చెప్పిండు గనక.”

మర్నాడు పెట్టె తయారైందని ఫోను వచ్చింది. గిటారు తీసుకెళ్లి అందులో పెట్టాను. అటూ ఇటూ ఊపినా కదల్లేదు. ఒక్క నడుము వంపు దగ్గర మాత్రం స్పాంజిలో చిన్న గుంట ఖాళీగా ఉంది.

“గీత ఎట్లుంటే గట్లనే కోసిన మేడం. గాడ గిటార్‌కు బుడిపె ఉందనుకున్న. నింపాల్నా?” అన్నాడు పెట్టెలాయన.

అది బుడిపె కాదు. అదిమి పట్టుకున్న చిన్నాయన బొటనవేలు. పెన్సిలు దాన్ని కూడా చుట్టి వెళ్లింది.

“ఉండనీయండి” అన్నాను.

పెట్టె ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఆ గుంటలో నా బొటనవేలు పెడితే వదులుగా ఆడుతుంది. మధ్యలో, కణుపు దగ్గర, కాస్త వెడల్పుగా ఉంది. అది నిజంగా వాచిన కీలేనా, వణికిన పెన్సిలేనా? రోజూ వేలు పెట్టి చూస్తున్నాను. తేల్చుకోలేకపోతున్నాను.