పిట్ట దాటిన గుడ్డ

ఆ రోజుల్లో మా కోనసీమలో పసిబిడ్డ ఉన్న ఇల్లు ఏదో తెలుసుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. కాలవ గట్టున నడుస్తుంటే ఏ దొడ్లో తాడు మీద తెల్లటి గుడ్డముక్కలు వరసగా వేలాడుతుంటాయో ఆ ఇంట్లో బాలింత ఉన్నట్టే. ఇప్పుడా తాళ్లు లేవు. ఒకసారి తొడిగి పారేసేవి పొట్లాల్లో వస్తున్నాయి. పిల్లలు తడిపినవాటిని మూటకట్టి కాలవలోకి విసిరేస్తున్నారు (నాగరికత అంటే మన మురికి పక్క ఊరివాడికి పంపడమేనని కొందరి అభిప్రాయం కాబోలు). మనిషి పుట్టగానే చేసే మొదటి పని చుట్టూ ఆ రోజుల్లో ఎంత తతంగం ఉండేదో, ఎంత సిద్ధాంత చర్చ జరిగేదో తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. ఆ నవ్వు వెనక ఒక చిన్న సమాధి కూడా ఉంది. అందుచేత మరీ గట్టిగా నవ్వకండని ముందే మనవి చేసుకుంటున్నాను.

డెబ్బైల నడిమి సంవత్సరాలవి. నేను రాజోలుకి దగ్గర్లో ఒక పల్లెటూరి బళ్లో పాఠాలు చెప్పేవాణ్ణి. ఊళ్లో నన్ను ప్రశ్నల మాస్టారనేవారు. మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసేవాణ్ణి. ఎక్కడ చర్చ జరుగుతుందన్నా బస్సెక్కి వెళ్లి, పిలిచినా పిలవకపోయినా మాట్లాడి వచ్చేవాణ్ణి. దయ్యాన్ని చూపించినవాడికి నా సైకిలు ఇచ్చేస్తానని సభాముఖంగా సవాలు చేసిన రోజులు (ఆ సైకిలుకి బ్రేకులు లేవు. దయ్యం కూడా పుచ్చుకునేది కాదు). మా తాతల కాలంలో మావాళ్లు క్రైస్తవం తీసుకున్నారు. దేవుణ్ణి మార్చుకున్నారు గాని పిట్టల్ని మార్చుకోలేదు. ఆదివారం చర్చిలో ముందు వరసన కూర్చుని గొంతెత్తి పాడే మా అమ్మ, సోమవారం సాయంత్రం కొంగలు గూళ్లకు మళ్లే వేళకి దొడ్లోకి పరిగెత్తేది. పసిబిడ్డ గుడ్డలు ఆరుబయట ఉండగా పైనుంచి పక్షి దాటితే, ఆ గుడ్డ కట్టిన బిడ్డ పాలు కక్కి, నీరసించి, చిక్కిపోతుందని నమ్మకం. దాన్ని పక్షిదోషం అంటారు. మా వీధిలో ఏ దేవుడికి మొక్కే ఇంట్లోనైనా ఈ ఒక్క విషయంలో మాత్రం మతభేదం లేదు.

మా మొదటి బిడ్డ మగపిల్లాడు. మెడ నిలబడకుండానే పోయాడు. వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. వర్షాకాలం, రేవుకి పడవ లేదు, డాక్టరు అవతల గట్టున ఉన్నాడు. అసలు కారణం ఇంతే. కాని మా ఇంట్లో చెప్పుకున్న కారణం వేరు. జబ్బు మొదలవడానికి ముందురోజు సాయంత్రం మా ఆవిడ గుడ్డలు తియ్యడం మరిచిపోయింది. చీకటి పడ్డాక గుర్తొచ్చి వెళ్లేసరికి తాడు మీద గబ్బిలాలు తిరుగుతున్నాయి. మా అమ్మ కోడల్ని ఒక్క మాటా అనలేదు. సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చాక మాత్రం, "పిట్ట దాటిందమ్మా, ఏం చేస్తాం" అంది. ఓదారుద్దామనే అంది. ఆ మాట తరవాత మా ఆవిడ చాలాకాలం సాయంత్రం పూట దొడ్లోకి వెళ్లలేదు. అదంతా అబద్ధమని నేను ఆవిడకి అనేకసార్లు నిరూపించాను. ప్రతిసారీ "ఆయ్" అనేది. నేను ఒప్పుకుందనుకునేవాణ్ణి.

తరవాత ఆడపిల్ల పుట్టింది. ఈసారి అంతా శాస్త్రీయంగా జరగాలని రాజోలు వెళ్లి కొత్త మల్లుగుడ్డ కొనుక్కొచ్చి, చతురస్రాలుగా కత్తిరించి మరీ ఇచ్చాను. మా అమ్మ ఆ ముక్కని వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఒరే అబ్బాయ్, కొత్తగుడ్డకి గంజుంటుందిరా. పిల్ల తొడలు ఒరుసుకుపోతాయి. మీ నాన్నగారి పాత పంచెలు పెట్లో ఉన్నాయి కదా."

"పోయినాయన పంచెలు కడితే ఆయన ఆయుష్షు పిల్లకొస్తుందనా?"

"ఆయుష్షు సంగతి దేవుడు చూసుకుంటాడు. నేను తొడల సంగతి చెప్తున్నాను."

నేను చర్చల్లో ఆరితేరినవాణ్ణి గనక వెనక్కి తగ్గలేదు. పిల్ల మాత్రం చర్చలోకి దిగకుండా ఏడుపందుకుంది. సాయంత్రానికల్లా తొడల మీద ఎర్రటి చారలు. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ మా నాన్నగారి పంచెలు పెట్లోంచి బయటికొచ్చాయి. పోయిన మా నాన్నగారు, బతికుండగా ఎన్నడూ ఎవర్నీ ఎత్తుకుని ఎరగనాయన, మనవరాలిని అలా చుట్టుకున్నారు.

ఆ ఏడు ముసురు వదల్లేదు. గుడ్డలు ఆరవు. కుంపటి మీద వెదురుబుట్ట బోర్లించి, దాని మీద పరిచి ఆరబెట్టేవారు. ఇల్లంతా పొగ, పాలవాసన, పిల్ల తడిపినవాసన. కాస్త తెరిపిస్తే చాలు, గుడ్డలన్నీ తాడెక్కేవి. తాడు ఒక కొస వంటిల్లు వెనక గుంజకి, రెండో కొస కంచె పక్క మునగచెట్టుకి కట్టి ఉండేది. పొద్దు వాలకముందే మా అమ్మ బయల్దేరేది. వారానికొక్కసారి దొరికిన ఎండ ఇంకా ఉండగానే, సగం తడి గుడ్డల్ని లోపలికి తెచ్చి మళ్లీ పొగ పెట్టేది. మా ఆవిడ పిల్లని గుండెకు హత్తుకుని, గుమ్మంలో నిలబడి, చివరి గుడ్డ వచ్చేదాకా ఆకాశం వంక చూస్తుండేది. నేను వరండాలో కూర్చుని ఇదంతా చూసి ఉడికిపోయేవాణ్ణి. ఒకరోజు ఇక పట్టలేక అన్నాను:

"ఇవాళ ఒక గుడ్డ తాడు మీదే ఉంచేద్దాం. పిట్టలు దాటనీ. రేపు దాన్ని పిల్లకి కట్టి చూద్దాం. ఏమీ కాదు. ఈ పీడ ఇంతటితో వదిలిపోతుంది."

మా ఆవిడ నావైపు తిరిగింది. పెళ్లయ్యాక అంత నెమ్మదిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

"మీరు గెలవడానికి నా పిల్లే దొరికిందాండీ?"

"అది కాదు..."

"అంత నమ్మకం ఉంటే మీరే కట్టుకోండి. కట్టుకుని ఏమవుద్దో చెప్పండి నాకు."

కోపంతో అందనుకున్నాను. ఆ ప్రశ్నకి జవాబు ఆవిడకి ఎంత అవసరమో అప్పటికి నాకు తెలియదు. ప్రయోగమంటే నాకు హుషారు. పెద్దముక్క ఒకటి చూసి మునగచెట్టు వైపు కొసన ఆరేసి, దాన్ని ఎవరూ తియ్యడానికి వీల్లేదని ప్రకటించాను. కొంగలు దాటాయి, కాకులు దాటాయి, గబ్బిలాలు దాటాయి. మర్నాడు అమలాపురంలో చర్చ ఉంది, విషయం కూడా మూఢనమ్మకాలే. పొద్దున్నే ఆ గుడ్డ తీసి, నడుముకి బిగించి, దాని మీద పంచె కట్టుకుని బయల్దేరాను. మా అమ్మ "ఏసయ్యా, వీడికి కాస్త బుద్ధి పుట్టించు" అంటూ గుమ్మంలోంచి తప్పుకుంది. మా ఆవిడ వీధి మలుపు దాకా వచ్చింది.

బస్సులోనే ఏదో చిమచిమలాడింది. బస్సు సీట్లలో నల్లులుండడం లోకవిదితం గనక పట్టించుకోలేదు. సభలో నా ప్రత్యర్థి వేదం చదువుకున్న పెద్దాయన. గట్టి తార్కికుడు, నన్ను 'మాస్టారూ' అని పిలిచి మరీ చీల్చి చెండాడేవాడు. నేను లేచి, పసిపిల్లల పేరు చెప్పి తల్లుల్ని భయపెట్టే ఆచారాల మీద నిప్పులు కురిపించాను. జనం ఊగిపోయారు. ఆ ఊపులో, ముందు అనుకోని మాట నోట్లోంచి వచ్చేసింది: "పిట్ట దాటిన గుడ్డ కడితే ఏదో అయిపోతుందట! అయ్యా, రాత్రంతా ఆరుబయట ఉన్న మా పాప గుడ్డే ఇప్పుడు, ఈ క్షణంలో, నా నడుముకుంది! చూడండి, నాకేమయింది?"

చప్పట్లు మోగాయి. సరిగ్గా అప్పుడే అయింది. నడుము చుట్టూ ఎవరో దురదగుంటాకు పెట్టి తోమినట్టు మంట. కుడిచెయ్యి హేతువాదం చెబుతోంది, ఎడమచెయ్యి గోకుతోంది. కాసేపటికి కుడిచెయ్యి కూడా హేతువాదం వదిలేసి ఎడమచేతికి సాయం పోయింది. బల్లకి నడుము ఆనించి రుద్దుకుంటూ 'కార్యకారణ సంబంధం' అనే మాట అందామనుకున్నాను, 'కార్య' దగ్గరే ఆగిపోయాను. ముందు వరసలో ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెనకనుంచి ఒక గొంతు: "మాస్టారికి పట్టేసిందర్రా!"

ఇక హాలు ఆగలేదు. మా హేతువాద సంఘం వాళ్లు కూడా నవ్వారు. (ఆ తరవాత కొన్నేళ్లపాటు కోనసీమలో తల్లులు పొద్దుండగానే గుడ్డలు తీసేవారని, ఎందుకని అడిగితే నా పేరు చెప్పేవారని విన్నాను. ఒక మూఢనమ్మకానికి ఒక హేతువాది ఇంతకంటే సేవ చెయ్యలేడు.) పెద్దాయన మాత్రం నవ్వలేదు. నన్ను పక్కకి తీసుకెళ్లి, "ఏవండీ మాస్టారూ, పక్షిదోషమంటే పాలు కక్కడం, చిక్కిపోవడం చెప్తారు మా ఆడవాళ్లు. దురద అని నేనెక్కడా వినలేదండీ. ఇదేదో వేరేలా ఉంది. ఆ గుడ్డ ఇప్పేసి చూసుకోండి ముందు" అన్నాడు. ప్రత్యర్థి నోట విన్నాను గనక ఆ మాట నా బుర్రకి వెంటనే ఎక్కలేదు.

ఇంటికొచ్చేసరికి నడుము చుట్టూ దద్దుర్లు కాయలు కట్టాయి. మా అమ్మ చూసి, "నీ ఒంటి మీదే చూపించేడురా దేవుడు" అని కొబ్బరినూనె సీసా అక్కడ పెట్టి వెళ్లిపోయింది. మా ఆవిడ నూనె రాయడం మొదలుపెట్టింది. నేను సభ సంగతి చెబుతూ నవ్వించబోయాను. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"అయితే నేనేనండీ" అంది.

"ఏంటి నువ్వు?"

"ఆ రోజు గుడ్డలు తియ్యలేదు కదండీ నేను. బాబుకి ఆ దోషం నేనే పెట్టేనన్నమాట. మీకేమీ కాకపోతే, నేను కాదని అనుకుందామనుకున్నాను. మీరు బయల్దేరినప్పట్నుంచి అదే అనుకుంటా కూర్చున్నాను."

సభలో పరువు పోతే పోయింది. ఇక్కడ ఒక తల్లికి నా నడుము సాక్షిగా హత్యానేరం రుజువైపోయింది. అప్పుడు గుర్తొచ్చింది పెద్దాయన మాట.

తెల్లారగానే ఆ గుడ్డని వెలుతురుకి పట్టి చూశాను. నూలు మధ్య సన్నటి బంగారు రంగు నూగు. తాడు వెంట నడిచి మునగచెట్టు దాకా వెళ్లాను. ఇటునుంచి చెట్టు శుభ్రంగానే ఉంది. కంచెవైపు తొంగి చూస్తే మాను మొత్తం ఒక గొంగడి కప్పుకున్నట్టుంది. ఆ గొంగడి కదులుతోంది. గొంగళిపురుగులు! పగలంతా ముద్దగా పడుకుని, చీకటి పడ్డాక ఆకు మేతకి పాకే జాతి. దారిలో నా గుడ్డ మీదుగా యాత్ర చేశాయి. మా ఆవిణ్ణీ అమ్మనీ కేకేసి చూపించాను. పిట్ట కాదు పురుగు, దోషం కాదు నూగు అని అప్పటికప్పుడు ఉపన్యాసం అందుకున్నాను.

మా అమ్మ ఒక పుల్ల తీసి ఆ గొంగడిని కదిపి చూసింది. "నేను నలుగుర్ని కని ఇద్దర్ని మట్టిలో పెట్టేనురా" అంది. "ఎందుకు పోయేరో నాకెవరూ చెప్పలేదు. డాక్టరు రాలేదు, పాస్టరుగారు దేవుడి చిత్తమన్నారు. పిట్ట అని మా అత్తగారన్నా చెప్పేరు. నువ్వు అప్పుడు లేవు కదా, ఈ పురుగులు చూపించడానికి."

నా ఉపన్యాసం అక్కడితో ఆగింది. అప్పటిదాకా నేను నమ్మకాలతో కొట్లాడాను. దిక్కులేని చోట అవి దిక్కుగా మొలుస్తాయని నాకెవరూ చెప్పలేదు. నమ్మకాల మీద కోపం ఈనాటికీ తగ్గలేదు. కాని రేవుకి పడవ లేకపోవడం మీద, అవతలి గట్టున తప్ప డాక్టరు లేకపోవడం మీద కోపం ఆ రోజునుంచీ ఎక్కువైంది.

మా ఆవిడ గుడ్డ ఒకటి తీసుకుని, వేడినీళ్లలో ఉడికించి, ఉతికి, తాడు రెండో కొసని మునగచెట్టు నుంచి విప్పి దొడ్డి నడుమ కొబ్బరిచెట్టుకి కట్టింది. ఆ ఒక్క గుడ్డే ఆరేసింది. పొద్దు వాలింది. మా అమ్మ లేవబోతే, "ఉండండి అత్తయ్యగారూ, నాకోసం" అంది. ముగ్గురం వరండాలో కూర్చున్నాం. కొంగలు దాటాయి. గుమ్మంలో కాదు, ఈసారి ఆవిడ తాడు దగ్గరికే వెళ్లి నిలబడింది. మర్నాడు ఆ గుడ్డని నాకివ్వలేదు, పిల్లకి కట్టలేదు. తన మెడకి చుట్టుకుని రోజంతా వంటచేసింది, పిల్లకి పాలిచ్చింది. సాయంత్రం నా దగ్గరికొచ్చి మెడ చూపించింది.

"ఏమైనా ఉందాండీ?"

"ఏమీ లేదు."

"సరిగ్గా చూడండి."

"ఏమీ లేదే."

అప్పుడు ఏడ్చింది. బాబు పోయిన రోజు ఏడవనిది, ఆ రోజు ఏడ్చింది. లోపలినుంచి మా అమ్మ వచ్చి, కోడలి మెడలోంచి ఆ గుడ్డ తీసి, దాంతోనే ఆవిడ మొహం తుడిచింది. ఆ గుడ్డని పిట్ట దాటిందన్న సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు పురిటికి మా ఇంటికి వచ్చి తల్లయింది. పొట్లాలు తెచ్చుకుంది గాని, మా ఆవిడ ఊరుకోకుండా నా పాత పంచెలు చింపి గుడ్డలు చేసింది. నన్ను కూడా మా నాన్నగారి ఉద్యోగంలోకి వేసేశారన్నమాట. నిన్న సాయంత్రం ఆకాశంలో కొంగలు కనబడగానే మా అమ్మాయి, పెద్ద చదువులు చదివిన మా అమ్మాయి, "అమ్మా, గుడ్డలు!" అని కంగారుగా లేచింది. నాన్నమ్మ పెంపకం ఎక్కడికి పోతుంది?

మా ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు. "ఉండనీవే, దాటనీ" అంది. తరవాత నావైపు చూసి, "మీ నాన్నగార్ని అడుగు, ఏమవుద్దో" అంది.

మునగచెట్టు కొట్టేసి చాలాకాలమైంది. అయినా నా చెయ్యి, నా ప్రమేయం ఏమీ లేకుండా, మెల్లగా నడుము దగ్గరికి పోయి గోకడం మొదలుపెట్టింది.