అత్తయ్య మోతాదు

"నేను కాస్త ఎక్కువైతే విషమా? ఇంకోసారి అను, విందాం." వంటింటి గుమ్మంలో నిలబడి మా అమ్మ అడుగుతోంది.

"మిమ్మల్ని కాదు అత్తయ్యా, డిజాక్సిన్ అనే మందుని," అంది వదిన.

"అత్తయ్య అనే అన్నావు. నా చెవులింకా పనిచేస్తున్నాయి."

చెప్పులు వేసుకుంటున్నవాణ్ణి ఆగిపోయాను.

పెళ్లికి ముందు వదిన వేరే దేశంలో నర్సు. ఆ చదువు ఇక్కడ చెల్లదన్నారు. లైసెన్సు పరీక్ష పాసయ్యేదాకా ఆసుపత్రిలో ఆమె పని దుప్పట్లు మార్చడం, రోగుల్ని పక్కకు తిప్పడం. మందు ముట్టుకోనివ్వరు. కిందటిసారి మందుల పేపరు, ఫార్మకాలజీలో పోయింది. వచ్చేవారం మళ్లీ పరీక్ష. ఇదీ పోతే ఇక రాయనివ్వరు, బతుకంతా దుప్పట్లే.

వదిన కూర్చుని చదవదు. పొయ్యికీ తలుపుకీ మధ్య తిరుగుతూ గొణుక్కుంటుంది. కుదురు లేక కాలేజీ మానేసినవాణ్ణి నేను, నాకే ఆమెను చూస్తే కాళ్లు పీకుతాయి. పేర్లు నోటికి పట్టక ఒక్కో మందుకీ ఇంట్లో ఒకరిని తగిలించింది. పొడిదగ్గు తెప్పించే బీపీ మాత్ర మా నాన్న, గదిలోకి వచ్చేముందు దగ్గుతాడు కాబట్టి. ఒంట్లో నీరు తీసే మందు అన్నయ్య. నీటితోపాటు పొటాషియం కూడా పట్టుకుపోతుంది, వాడు పనికి పోతూ నా గొడుగు పట్టుకుపోయినట్టు. గుండె మందు డిజాక్సిన్ అమ్మ. మోతాదులో ఉంటే ప్రాణం నిలబెడుతుంది, కాస్త మించితే విషం. ఇచ్చేముందు నాడి చూడాలి. నేను ఏ మందునని అడిగితే, నువ్వింకా ప్రయోగాల్లోనే ఉన్నావంది.

అమ్మ మూత విసిరికొట్టి వెళ్లిపోయింది. డిజాక్సిన్‌కి పెట్టిన ఆ పేరొక్కటి మార్చేయమని వదినతో అన్నాను. ఇప్పుడు మారిస్తే అన్నీ కలగాపులగం అయిపోతాయంది. తుడిచిన పళ్లేన్నే మళ్లీ తుడుస్తూ కిందటిసారి సంగతి చెప్పింది.

పరీక్షరోజు పొద్దున్నే అమ్మ లేచి ఆమె తల దువ్వి, దగ్గర కూర్చుని తినిపించిందట. హాల్లో ప్రశ్న వచ్చింది. గుండెజబ్బు మనిషికి వాంతులు, చూపంతా పసుపు, ఏ మందు ఎక్కువైంది? అత్తయ్యేనని తెలుసు. కానీ ఆ చేత్తో తిన్నది ఇంకా అరగనేలేదు, ఆవిడ మీద నింద వేయడానికి చెయ్యి రాలేదు. పక్కదానికి టిక్కు పెట్టింది. అక్కణ్ణుంచి ఏ మందు ఎవరో అన్నీ తడబడ్డాయి.

నేను నవ్వాను. వదిన నవ్వలేదు.

"ఒక సాయం చేసిపెట్టు," అంది. "ఈసారి పరీక్షరోజు పొద్దున అత్తయ్య నాతో మంచిగా ఉండబోతే, మధ్యలో దూరి నామీద ఏదో ఒక చాడీ చెప్పు. ఆవిడ కడుపారా తిట్టేదాకా నన్ను గడప దాటనివ్వకు."