గోడ మీది జంట

మా ఇంటి గోడ మీదున్న ఫొటోలో నేను చూస్తున్నది నా భర్తను కాదు. ఆ మాట ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేను.

పక్కింటి అక్కా నేనూ ఏళ్ల తరబడి ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టాం. మా ఆయన దుబాయిలో. నా కడుపులో మాట చెప్పుకోవడానికి ఆమె తప్ప ఎవరున్నారు? వాళ్లు ఇల్లు ఎత్తేసి బొంబాయి దగ్గర భీవండికి మగ్గాల పనికి పోతున్నారని తెలిసిన రోజు నాకు అన్నం దిగలేదు. పోయే ముందు ఇద్దరం ఆర్మూర్‌లో పసుపు మార్కెట్ దారిలోని స్టూడియోకు వెళ్లాం.

"బ్లాక్ అండ్ వైట్ల తీస్త, మస్తు వస్తది," అన్నాడు స్టూడియో అతను.

"మేం సచ్చినంక దండేసే ఫొటోనా అన్నా?" అంది అక్క.

నాకు నవ్వాగలేదు. ఆమె నా భుజం మీద చేయి వేసి దగ్గరికి లాక్కుంది. నేను ఆమె ముఖంలోకి చూశాను. అప్పుడే తీశాడు. ఫొటో చేతికొచ్చాక చూసుకుంటే, లోకంలో ఇంకెవరూ లేనట్టు ఆమెనే చూస్తున్నాను; నాకే సిగ్గేసింది.

"నీ దగ్గరనే ఉంచు. నువ్వు నాకు ఎట్లైనా యాదికుంటవ్," అంది అక్క.

చీరల కింద దాచుకున్న ఆ ఫొటో అత్తమ్మ కంట పడింది. ఆమెది చెడ్డ మనసు కాదు. పెళ్లి ఫొటోల్లో నేను తలెత్తిందే లేదని ఆమె బెంగ. గల్ఫ్‌లో ఉన్నవాళ్లను ఇంటి ఫొటోల్లోకి చేర్చడం మా స్టూడియోలకు రోజూ ఉన్న పనే. దాన్నీ, కొడుకు పాస్‌పోర్టు ఫొటోనూ పట్టుకుపోయి, అక్క ఉన్న చోట ఆయన్ని పెట్టించి, ఫ్రేము కట్టించి తెచ్చింది.

"సూడు బిడ్డా, రంగులు లేవు గదా, జర గూడ తేడా తెలుస్తలేదు!"

నాకు ఒళ్లు మండిపోయింది. "మంచిగుంది అత్తమ్మా," అన్నాను. మొగుడికన్నా పొరుగామె ఎక్కువైందా అంటే ఏం చెప్పను? ఎక్కువే. మర్నాడు స్టూడియోకు పరుగెత్తితే, పాత ఫొటో పారేశానని, కంప్యూటర్లోంచి కూడా తీసేశానని అన్నాడు.

వచ్చినవాళ్లంతా మొగుడంటే ఎంత ప్రేమో అంటారు. ఫొటోలో ఆయనేమో ఆఫీసరు ముందు నిలబడ్డట్టు బిగుసుకుని ఉంటాడు. అన్నం తిన్నా, బీడీలు చుట్టినా ఆ ఫొటో కిందే నా బతుకు.

మొన్న ఆయన సెలవు మీద వచ్చాడు. పెట్టె దించి, గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"నన్ను నువ్వెప్పుడు గిట్ల సూసినవే?"

నేను పెట్టె పక్కకు జరపబోయాను. ఆయనకు కోపమన్నా రాలేదు.

"ఒక్కసారి సూడు మరి," అని దగ్గరికి వచ్చాడు.

చూశాను. నిజంగానే ప్రయత్నించాను. ఆయన కాసేపు నా ముఖంలో వెతికి, మళ్లీ ఫొటో వైపే తిరిగాడు.